పాలు వాడలేదు సార్

మా డిగ్రీ కాలేజీలో సైన్సు సింపోజియం అంటే జహీరాబాద్‌లో నమ్మినవాళ్లు తక్కువ. "మనిషి రోగాల్లో ప్రొటీన్ల మార్పులు" అని గేటుకు బ్యానర్ కట్టిన రోజు ఒక ఆటో డ్రైవర్ బండి ఆపి, "ఏం మేడం, క్యాంపు పెట్టిన్రా? షుగర్ చూస్తరా?" అని అడిగాడు. చూడం అన్నాను గానీ, నా పనంతా షుగర్ గురించే. నేను ఇక్కడ బయోకెమిస్ట్రీ చెబుతాను.

షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటున్నవాళ్ల రక్తంలో ఒక ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అనే చిన్న తోక ఎక్కువగా అంటుకుంటోందని గమనించాను. చుట్టుపక్కల ఝరాసంగం, న్యాల్‌కల్ నుంచి దవాఖానకు వచ్చే పేషెంట్లు ఒప్పుకుని ఇచ్చిన రక్తం అది. కిడ్నీ పూర్తిగా పాడుకాకముందే పసిగట్టడానికి పనికొస్తుందని నా ఆశ. ఏడాది కిందట హైదరాబాద్‌లో ఒక సదస్సులో ఒక పెద్ద ప్రొఫెసర్ ఆ ఆశ మీద నీళ్లు చల్లారు.

ఆయన అన్నది అర్థం కావాలంటే మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. రక్తంలోని ప్రొటీన్లను పల్చటి తెల్లటి పొర మీదికి ఎక్కిస్తాం. తోకను వెతికి పట్టుకునే యాంటీబాడీని దాని మీద పోస్తాం. అది ఖాళీ జాగాలకు అంటుకోకుండా ముందు ఆ పొరను పాలపొడి కలిపిన నీళ్లలో నానబెట్టడం చాలా ల్యాబుల్లో అలవాటు. చిక్కేమిటంటే పాలలోని ప్రొటీన్‌కే బోలెడు ఫాస్ఫేట్ తోకలుంటాయి. మనం తోకల కోసం వెతికేటప్పుడు పాలు వాడితే యాంటీబాడీ వాటి వెంటే పడుతుంది, పొరంతా నల్లబడుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చేసే తప్పు ఇది. మేము చేయలేదు, పాలకు బదులు ఆ తోకలు పెద్దగా లేని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ వాడాం. మా పొర మసకబారింది కరెంటు పోవడం వల్ల. పొర ఉంచిన పళ్లేన్ని ఊపే యంత్రం మధ్యలో ఆగిపోయి కడగడం సరిగా కాలేదు.

ప్రొఫెసర్ ఇవేవీ అడగలేదు. తెర మీద మసకబారిన ఆ పొర బొమ్మ చూసి, "ఇది కిడ్నీ కాదమ్మా, పాలు. చిన్న ఊళ్ల ల్యాబుల్లో మామూలే," అన్నారు. హాలంతా నవ్వింది. నేను కాగితాలు సర్దుకుని వేదిక దిగిపోయాను. తిరుగు బస్సులో మాత్రం ఒకదాన్ని మించిన జవాబు ఒకటి తన్నుకొచ్చింది, వినడానికి కిటికీ తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు ఆయనే మా సింపోజియానికి ముఖ్య అతిథి. మా ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు: "ఈసారి గూడ గట్లనే నవ్విన్రంటే ఆ ల్యాబు రూము నాకియ్యాలె మేడం. పాత బెంచీలు పెట్టనీకి జాగ లేదు."

కెమిస్ట్రీ చెప్పే మేడం నాకంటే పెద్దది, ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాను; ఈసారి మళ్లీ చేసిన ప్రయోగంలో నాకు తోడు. కరెంటు పోయినప్పుడల్లా ఇద్దరం వంతులవారీగా పళ్లెం చేత్తో ఊపాం. ఆపా ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో జవాబు పత్రాలు దిద్దేది. నేను కోపంగా ఊపితే, "జర మెల్లగ బేటా, ఆ సార్ మీది గుస్సా దీని మీద తీస్తవా?" అనేది. పొరను రెండు ముక్కలు చేశాం. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదానికి ఫాస్ఫేట్ తోకలను కత్తిరించే ఎంజైమ్ పట్టించాం. నా మాట నిజమైతే మొదటి ముక్కలో యాంటీబాడీ తోకను పట్టిన చోట నల్లటి గీత కనబడాలి, రెండోదాంట్లో మాయమవ్వాలి.

సింపోజియంలో నా వంతు సరిగ్గా భోజనాలకు ముందు వచ్చింది. జొన్నరొట్టెల వాసన హాల్లోకి వస్తుంటే ప్రొటీన్ల సంగతి ఎవరికి పడుతుంది? బొమ్మ తెర మీద పడిందో లేదో, ప్రొఫెసర్ చెయ్యెత్తారు.

"పొరను దేంట్లో నానబెట్టారమ్మా?"

"ఆల్బుమిన్‌లో సార్. పాలు వాడలేదు. పోయినేడు కూడా వాడలేదు. మీరు అడగలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నా మీద కాదు. తర్వాతి బొమ్మ వేశాను. ఎడమ పక్క సన్నటి నల్లటి గీత. కుడి పక్క, ఎంజైమ్ పట్టించిన ముక్కలో, ఏమీ లేదు. ప్రొటీన్ రెండింట్లోనూ సమానంగా ఉందని కింది వరుస చూపిస్తోంది. పోయింది తోక ఒక్కటే.

ప్రొఫెసర్ లేచి తెర దగ్గరికి వచ్చి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశారు. నా వైపు తిరిగి, నాకొక్కదానికే వినబడేలా, "నిజమేనమ్మా, పోయినసారి నేను తొందరపడ్డాను," అన్నారు.

బుద్ధిమంతురాలినైతే థాంక్స్ చెప్పి ఊరుకునేదాన్ని. కానీ హైదరాబాద్‌లో ఆయన పాలు అన్నది నా చెవిలో కాదు కదా. మైకు తీసి ఆయన చేతికిచ్చాను.

"ఇందులో చెప్పండి సార్."

ప్రిన్సిపాల్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. ప్రొఫెసర్ నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వేశారు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు.

"పోయినేడు ఈమె పనిని నేను పాలు అన్నాను. తప్పు నాది. ఈ తోక నిజం. మా ల్యాబులో దీన్ని మళ్లీ చేస్తాం, ఈమె పద్ధతిలోనే చేస్తాం."

"షాబాష్ బేటా!" అని ఆపా అరిచింది. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొడుతున్నది మా ప్రిన్సిపాల్. "మా ల్యాబే సార్, మా ల్యాబే!" అని పక్కవాళ్లకు చెబుతున్నారు. ప్రొఫెసర్ మైకు నాకు తిరిగిచ్చి, "మిగతాది చెప్పమ్మా," అన్నారు. చెబుదామని నోరు తెరిచాను. మాటకు బదులు ఏడుపొచ్చింది. మైకులో కాబట్టి అందరికీ వినబడింది, వినబడనీ అనుకున్నాను.