మామ్మ చేతిరాతలో వచ్చిన కథ

మా తెలుగు సంఘం గదిలో పిల్లల కథలకు బహుమతులు తేల్చిన సాయంత్రం, ఒక పిల్ల నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. ఆ సంగతి నేను కమిటీలో చెప్పలేదు. ఆ తర్వాత ఐదేళ్లపాటు ఎక్కడా చెప్పలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మావాళ్లు మూడు తరాలుగా ఉంటున్నారు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం, రాయడం అంతంతమాత్రం. అందుకే సంఘం తరఫున ఏటా పిల్లల కథల పండగ మొదలుపెట్టాం. పిల్లలు తెలుగులో కథ రాసి పంపాలి. మొదటి బహుమతి వచ్చిన కథను వేదిక మీద చదివించి, సంఘం పుస్తకంలో ముందు పేజీలో వేస్తాం. పెద్దవాళ్ల చేయి పడకుండా నేనే పట్టుబట్టి ఒక నియమం పెట్టించాను. కథ పిల్లల సొంత చేతిరాతలోనే ఉండాలి.

పెద్దవాళ్ల మీద నాకంత అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఆ ఏడు మా అమ్మాయి పంపిన కథలో సగానికి పైగా వాక్యాలు నావే. నేను చెబుతుంటే అది పక్కన కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాసింది. కాస్త సరిదిద్దాను, అంతే కదా అనుకున్నాను. న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి కాబట్టి దాని కథకు మార్కులు వేయకుండా తప్పుకున్నాను. అది నా నిజాయితీ అని కూడా అనుకున్నాను.

వచ్చిన కథల్లో చాలావాటిలో సింహం, నక్క, చివర ఒక నీతి. ఒక్క కథ వేరుగా ఉంది. రైల్వే గేటు దగ్గర ఒక కోడి. గూడ్సు బండి వెళ్తేగానీ గుడ్డు పెట్టదు. లైను బాగుచేయడానికి మూడు రోజులు బళ్లు ఆపేస్తారు. గేటుమాను కూతురు ఖాళీ డబ్బా దొర్లించి బండి చప్పుడు చేస్తుంది. కోడి ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంటుంది.

అక్కడ పైకే నవ్వాను. మరుక్షణం అనుమానం పట్టుకుంది. అక్షరాలు సన్నగా, వణుకుతూ, పాతకాలపు తీరులో ఉన్నాయి. మధ్యమధ్య 'ఓపాలి', 'పొద్దుగూకీసరికి' లాంటి ముసలివాళ్ల మాటలు. రాసింది హిందీ మీడియంలో చదివే పదకొండేళ్ల పిల్ల. ఎవరిని నమ్మించాలని చూస్తున్నారు అనుకుంటూ మర్నాడు వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను.

ఆ పిల్ల మామ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. పిల్ల మెట్టు మీద ఉంది.

"ఈ కథ ఎవరు రాశారమ్మా?"

"నేనే అంకుల్."

"మరి చేతిరాత?"

"మామ్మది."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా నాకు ఎత్తులాగే అనిపించింది.

"దానికి మన అచ్చరాలు రావు బాబూ," అంది మామ్మ. "హిందీ అచ్చరాల్లో తెలుగు రాసీసుకుంది. అది చదివింది, నేను దించీసాను. నా సొంతం ఒక్క ముక్క కలిపితే ఒట్టు. కలపనిస్తాదేటి? మా గుంట మహా గట్టిది."

"ఈ ఓపాలి, పొద్దుగూకీసరికి... ఇవన్నీ పిల్ల మాటలేనా?"

"ఇంట్లో మేం మాటాడీది అదే కదండి. మరేటి మాటాడాలి?"

పిల్ల నన్ను కింది నుంచి పైకి చూసింది. "మామ్మా, ఈ అంకుల్ పులీసా?"

"తప్పు. పెద్దోరిని అలగ అనకూడదు," అని కసిరి, లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది మామ్మ.

"అచ్ఛా అంకుల్, పోగొట్టకండి. నా దగ్గర ఇంకోటి లేదు," అంది పిల్ల.

ఎవరైనా అడుగుతారని ముందే తయారుచేసి ఉంచిన పుస్తకమేమో అని దారంతా అనుకున్నాను. ఇంటికొచ్చి తెరిచాను. హిందీ అక్షరాల్లో తెలుగు మాటలు. మా అమ్మాయి ఫోన్లో నాకు పంపే కబుర్లూ అలాగే ఉంటాయి. కథకు మూడు ముగింపులు రాసి రెండు కొట్టేసింది. ఒకదానిలో కోడి గూడ్సు బండి గార్డు డబ్బా ఎక్కి వెళ్లిపోతుంది. దాని పక్కన చిన్నగా, 'మామ్మ నవ్వలేదు. మార్చాలి' అని ఉంది.

ఆ మాట చదివాక నాకింక అనుమానం మిగల్లేదు. మిగతా కథల్లో చేతిరాత పిల్లలది, మాటలు పెద్దవాళ్లవి. ఈ ఒక్కదానిలో చేతిరాత మామ్మది, మాటలు పిల్లవి.

సాయంత్రం కమిటీలో కార్యదర్శి అడిగాడు. "అన్నయ్యా, ఆ కోడి కథ ఇంటికెళ్లారు కదా, ఏటి తేలింది?"

సంచి నా ఒళ్లో ఉంది. పుస్తకం తీసి బల్ల మీద పెడితే చాలు, కథ పిల్లదేనని తేలిపోతుంది. పెడితే మాత్రం, మిగతా పిల్లల చిత్తుప్రతులూ చూద్దాం అని ఎవరో ఒకరు అంటారు. మా ఇంట్లో అలాంటిది లేదు.

"చేతిరాత మామ్మదే. ఆవిడే ఒప్పుకుంది," అన్నాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అతను ఆ కాగితాలు పక్కన పడేశాడు. మొదటి బహుమతి మా అమ్మాయికి వచ్చింది.

పండగ రోజు మా అమ్మాయి నా వాక్యాలు చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. సంఘం గేటు దగ్గర ఆ పిల్లకు నోటుబుక్కు తిరిగిచ్చాను. అది అక్కడే నిలబడి, ఏ పేజీ అయినా చింపానేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంది. ఆ తర్వాత కథ పంపలేదు. 'మనవరాలికి ప్రైజు కోసం కథలు రాసిపెడతన్నావట' అని ఆడవాళ్లు ఆటపట్టిస్తుంటే మామ్మ కూడా సంఘానికి రావడం మానేసింది. నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

ఈ ఏడు కొత్త కమిటీ, కథల పండగ ఎలా పెరిగిందో పుస్తకానికి రాసిమ్మని నన్ను అడిగింది. నాలుగు సార్లు మొదలుపెట్టి నాలుగు సార్లు ఆపేశాను. ముందు మా అమ్మాయికి చెప్పాను. "ఆ బహుమతి షీల్డు నేను బీరువా వెనకాల పెట్టీసాను నాన్నా. మీరు అడగలేదు," అంది.

మామ్మా వాళ్లు ఇప్పుడు కాలనీ వదిలి తోర్వా పేటలో అద్దెకుంటున్నారు. స్కూటర్ ఆపగానే ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది. పదహారేళ్లు వచ్చాయి. లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబడింది. నేను చెప్పినదంతా విన్నది.

"ఇప్పుడెందుకు చెప్తున్నారంకుల్? మళ్లీ పోటీ ఏటైనా ఉందా?"

"లేదమ్మా. నువ్వేమీ రాయక్కర్లేదు."

"ఎవరో దొరకబట్టీసారా?"

"ఎవరికీ తెలీదు."

నమ్మినట్టు కనిపించలేదు. "నాకు సారీ చెప్తే క్యా ఫాయిదా? మామ్మని దొంగ అన్నది సంఘంలో. అక్కడ చెప్పండి. నేను మామ్మని తెస్తాను. మీరు మాట తిప్పితే మధ్యలోనే లేచి వచ్చీస్తాం."

కథల పండగ రోజు ఇద్దరూ తలుపు దగ్గరి కుర్చీల్లో, ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా కూర్చున్నారు. పిల్లలు చదవడం మొదలుపెట్టకముందే నేను మైకు తీసుకున్నాను. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంచేశాను. అందులో 'పొరపాటు' అని రాసుకున్నాను. అది సరైన మాట కాదు.

"ఐదేళ్ల కిందట కోడి కథ ఈ పిల్లే రాసింది. దాని నోటుబుక్కు చూసి, తెలిసి, దాచాను. ఆ ఏడు మా అమ్మాయి చదివిన కథలో నేను రాసింది సగం పైనే ఉంది. అది బయటపడుతుందని భయపడి ఈ మామ్మగారి మీద మాట పడనిచ్చాను. మామ్మగారూ, మీరు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను. నన్ను క్షమించండి. అమ్మా, నువ్వు రాసిన కథను నీది కాకుండా చేశాను. నువ్వు క్షమించకపోయినా సరే, తప్పు నాది."

నా మాట ముగిసేదాకా తలుపు దగ్గరి ఆ రెండు కుర్చీలూ ఖాళీ కాలేదు.