పనసచెక్క పెట్టె, పట్టు దొరకని నట్టు

1997 ఎండాకాలం. తిరుపతి రైల్వే స్టేషన్ వెనక సందులో నాది ఆంప్లిఫయర్లు చేసే చిన్న దుకాణం. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల అయ్యవారు మా నాయనను పిలిపించి, "నీ కొడుకు బుర్రకు కరెంటు అందడం లేదప్పా" అన్నాడు. మా నాయన దాన్ని తిట్టుగా కాక సలహాగా తీసుకుని, మర్నాడే నన్ను బడి మాన్పించి రేడియోలు బాగుచేసే చోట చేర్చేశాడు. ఆ తర్వాత కరెంటు నాకు బాగానే అందింది. షాకు కొట్టిన ప్రతిసారీ అయ్యవారిని తలుచుకునేవాణ్ణి.

ముందు మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. మైకు వైరు చివర వేలెడు పొడవు ఇనుప పుల్ల ఉంటుంది. దాన్ని జాక్ అంటారు. ఆంప్లిఫయర్ పెట్టెకు బిగించి, ఆ జాక్ దూర్చే మూతిని జాక్ సాకెట్ అంటారు. పెట్టెకు రంధ్రం వేసి, సాకెట్ మూతి బయటికి పెట్టి, దాని మర మీద నట్టు తిప్పి బిగిస్తాం. ఆ మర చాలా పొట్టిది. రేకు పెట్టెకైతే సరిపోతుంది. చెక్క పెట్టెకైతే, లావుపాటి గోడలో పొట్టివాడు కిటికీలోంచి తొంగిచూడబోయినట్టు, మూతి బయటికే రాదు.

ఇక కథ. పాకాల దగ్గర ఒక పల్లెనుంచి చెంగల్రాయ ఆచారి అనే వడ్రంగి దుప్పట్లో చుట్టిన పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దుకాణానికి వచ్చాడు. వెనకాలే ఆయన అక్క కనకమ్మ. ఆమె హరికథలు చెబుతుందని, మా జిల్లాలో భారతం జరిగే ఊళ్లన్నీ ఆమెకు తెలుసునని ఆచారే చెప్పాడు. దుప్పటి విప్పితే పసుప్పచ్చగా మెరిసే పనసచెక్క పెట్టె.

"దీంట్లో ఆంప్లిఫయర్ పెట్టాలప్పా. వీణలు చేసే చెక్క ఇది. నాదం ఎట్లుంటాదో నువ్వే సూడు."

"ఆచారన్నా, మోగాల్సింది స్పీకరు. ఆంప్లిఫయర్ పెట్టె మోగితే అది రిపేరుకు వచ్చినట్టు లెక్క."

కనకమ్మ నవ్వింది. భుజాలు కదిలాయి గాని శబ్దం రాలేదు. నేను ఆశ్చర్యంగా చూశాను.

"అక్క గొంతులో కాయలు లేసినాయి" అన్నాడు ఆచారి. "ఏడాదిగా కథ లేదు. ఇప్పుడు మెల్లగా సెప్పొచ్చునంట. గట్టిగా అరిస్తే మాత్రం మల్లా గొంతు రాదని డాక్టరు ఖరాఖండీగా సెప్పినాడు."

మా వైపు ద్రౌపదమ్మ గుళ్ల ముందు భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం, రోజుకొక ఘట్టం. అద్దె మైకుసెట్టు వాళ్లు హారన్లను ఎక్కడో దూరంగా, ఊరి వైపు తిప్పి కడతారు. కథ చెప్పే మనిషికి తన గొంతు తనకే వినపడదు. వినపడక అరుస్తుంది. కనకమ్మ గొంతు పాడైంది అట్లాగే. ఏడాది తర్వాత ఇప్పుడొక ఊరు మళ్లీ ఆమెను పిలిచింది. ఈసారి గొంతు పోతే ఇంకే ఊరూ పిలవదు.

ఆమె ముందుకు వంగి, దగ్గరివాళ్లకు మాత్రమే వినపడేట్టు చెప్పింది. "నా కాళ్లకాడ ఒక సిన్న స్పీకరు పెట్టు నాయనా. నా మాట నాకు వినపడితే నేనెందుకు అరుస్తాను?"

స్టేజీ మీద పాడేవాళ్ల ముందు పెట్టే స్పీకరును మానిటర్ అంటారని నాకు తెలుసు. అది ఎందుకో ఆమె చెప్పేదాకా తెలీదు.

పని మొదలుపెట్టగానే గొడవ. పెట్టె గోడ మందం చూసి, కిటికీలాగా కోసి అల్యూమినియం రేకు బిగించి, దానికి సాకెట్లు పెడతానన్నాను.

"నా చెక్కకు అతుకేస్తావా?" ఆచారి పెట్టెను గబుక్కున దగ్గరికి లాక్కున్నాడు. "పెండ్లికూతురి మొకాన ప్లాస్టర్ అంటించినట్టు! నట్టు అందకపోతే నేను లోపల తొలిచి ఇస్తా పో."

ఉలి తీసుకుని, లోపలివైపు చెక్కను అప్పడమంత పలచగా తొలిచేశాడు. నట్టు చక్కగా అందింది. ముందునుంచి చూస్తే అచ్చం విదేశీ సరుకు. నేను కూడా మురిసిపోయాను.

భారతం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆచారి పిలిస్తే, సౌండు విన్నట్టూ ఉంటుంది, వడ, పాయసం తిన్నట్టూ ఉంటుందని పోయాను. ద్రౌపది వస్త్రాపహరణం ఘట్టం. పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. కనకమ్మ చేతిలో చిడతలు, కాళ్ల దగ్గర స్పీకరు, పక్కనే మైకునూ హారన్లనూ కలిపిన పనసచెక్క పెట్టె. ఇంట్లో మనవరాలికి చెప్పినట్టు చెబుతోంది, ఊరంతా వినపడుతోంది.

దుశ్శాసనుడు చీర పట్టుకున్నాడో లేదో, హారన్లలో గుర్రుమని మోత. మాట మాయం. జనంలోంచి కేకలు. "ఏమాయె? వినపళ్లేదు! గట్టిగా సెప్పమ్మా!"

కనకమ్మ మెడనరాలు ఉబ్బడం చూశాను. ఊపిరి పీల్చుకుంటోంది, అరవబోతోంది. నేను పాయసం గిన్నె వదిలేసి స్టేజీ ఎక్కి, "వద్దమ్మా!" అని చేయి అడ్డం ఊపాను.

జాక్ ముట్టుకుంటే సాకెట్టే గిర్రున తిరిగింది. అప్పుడర్థమైంది. ఎండకు పలచటి చెక్క మరింత ఎండి కుంచించుకుపోయింది, నట్టు వదులైంది. మైకు లాగినప్పుడల్లా సాకెట్ తిరిగీ తిరిగీ లోపల మోత రాకుండా ఆపే ఎర్త్ వైరు అతుకు విరిగింది. వైరు అతికే సోల్డరింగ్ ఐరన్ తిరుపతిలో ఉంది. జాక్‌ను కిందికి నొక్కి, కొంచెం ఎడమకు వంచి పట్టుకుంటే మోత ఆగింది. మాట వచ్చింది. వదిలితే పోయింది. అంతే, అక్కడే కూర్చుండిపోయాను.

కనకమ్మ నన్ను చూసింది. ఉబ్బిన నరాలు దిగాయి. జనం వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో అందుకుంది.

"ఆడ సభలో అంతంత మొనగాళ్లు సేతులు ముడుసుకోని కూర్చుండిరి. ఈడ సూడండి నాయనలారా, తిరుపతినుంచి వచ్చిన ఈ పిల్లోడు ఒక్కడు, ఆడమనిషి గొంతు పోకుండా సెయ్యి అడ్డం పెట్టినాడు. తలకాయలో ఏముండాదో నాకు తెలీదు గానీ, సేతిలో మాత్రం ధర్మం ఉండాది!"

పందిరి ఊగిపోయేట్టు నవ్వారు. నేనూ నవ్వాను, కదలకుండా. బొటనవేలు మొద్దుబారింది, మెడ పట్టేసింది. మంగళం పాడేదాకా జాక్ వదల్లేదు.

ఆచారి అదే సాయంత్రం పెట్టె విప్పి, తన పలచటి చెక్కను వేలితో తడిమి చూసి, "రేకు పెట్టు. కానీ లోపలే. పైకి కనపడకూడదు" అన్నాడు. ఆ రేకు ఇమిడేంత గుంట తనే చెక్కాడు. చెక్కకు నట్టు దూరేంత రంధ్రాలు, వెనక రేకు, ఆ రేకుకు సాకెట్లన్నీ. నట్టు పట్టు రేకు మీద, అందం చెక్కమీద. రేకు పెట్టెలో సాకెట్లన్నిటికీ దొరికే ఉమ్మడి ఎర్త్, చెక్కపెట్టెలో దొరకనిది, అదీ దాంతోపాటే దొరికింది. తర్వాత నేను చేసిన ప్రతి చెక్కపెట్టె లోపలా ఆ రేకు ఉంటుంది. ఎవరన్నా పాడేవాళ్లు వస్తే వాట్లెంత అని అడగడం మానేసి, మీ గొంతు మీకు వినపడుతుందా అని అడుగుతాను. ఈ రెండు పాఠాలకు నేను ఆ అక్కాతమ్ముళ్లకు రుణపడి ఉన్నాను. బడిలో అయితే ఎవరు చెప్పేవారు?

మరుసటి ఎండాకాలం కనకమ్మ మామిడిపండ్ల బుట్టతో దుకాణానికి వచ్చింది. చాలా ఊళ్లు పిలిచాయట, అరవకుండా చెప్పీ చెప్పీ గొంతులో కాయలూ కరిగిపోయాయట. నేను ఊరుకుంటానా?

"అమ్మా, పుట్టి బుద్ధెరిగినాక నేను అంతసేపు నోరు మూసుకోని కూర్చున్నది ఆ పొద్దొక్కటే!" అన్నాను.

ఎదురు టీకొట్లో వాళ్లంతా గ్లాసులు దించి చూసేట్టు, గొంతంతా విప్పి అనింది కనకమ్మ.

"అందుకే గదా నాయనా, ఆ పొద్దు సౌండు అంత బాగొచ్చింది!"