ప్రళయం సినిమాలో మామయ్య తువ్వాలు

ఇప్పుడంటే సినిమా సగంలో ఉండగానే ఫోన్లో తీర్పులు చెప్పేస్తున్నారు గానీ, నా కుర్రతనంలో సినిమా సమీక్ష రాయడమంటే జడ్జీగిరీతో సమానం (అని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి). గుంటూరులో ఓ వారపత్రిక ఎడిటర్‌గారు నాకు పరీక్ష పెట్టారు. "మహమ్మారి వచ్చి లోకమంతా తుడిచిపెట్టుకుపోయిన డబ్బింగ్ సినిమా ఒకటి ఆడుతోంది. చూసి మంచీ చెడ్డా రాసుకురా. బాగుంటే సోమవారం నుంచి సమీక్షకుడి కుర్చీ నీది." బాగోకపోతే మేనమామ వెంట మిర్చి యార్డుకి పోవాలని ఇంట్లో అప్పటికే తీర్మానమైపోయింది.

హాల్లో ఏసీ ఉందని విని, ఏప్రిల్ ఎండలో ఆ మేనమామే యార్డు నుంచి తిన్నగా నా వెంట పడ్డాడు. మామయ్య భుజం మీది తువ్వాలుతో బాదనిదే ఏ కుర్చీలోనూ కూర్చోడు. ఆ తువ్వాలేమో పొద్దుటి నుంచీ మిర్చి బస్తాల మీద దొర్లింది. అందుకని నేనే ముందుగా జేబురుమాలుతో కుర్చీ తుడిచి గండం తప్పించాను.

సినిమా మొదటి అరగంట అద్భుతం. మాటల్లేవు, ఖాళీ రోడ్ల మీద గాలి చప్పుడొక్కటే. ఎవరైనా దగ్గితే చాలు, కన్నతల్లి కూడా వెనక్కి జరుగుతుంది. నా గుండె జారి చెప్పుల్లో పడింది. చెడ్డ అంటారా, పదేళ్ళుగా సబ్బు మొహం చూడని హీరోయిన్ జుట్టు పట్టుకుచ్చులా ఎగురుతోంది! ఇవన్నీ చీకట్లో గిలుకుతున్నానా, పక్కనుంచి మామయ్య, హాలంతా వినపడేలా:

"ఒరేయ్, పదేళ్ళ నుంచీ డబ్బాల్లో కూడే తింటన్నారే! ఊరంతా ఖాళీ, అడిగేవోడు లేడు. ఒక్కడన్నా నాలుగు మిరప మొక్కలు నాటడేందిరా?"

"మామయ్యా, నీకు దణ్ణం పెడతా, రాసుకోనీ."

"ఇది కూడా రాయి."

ఇంటర్వెల్లో బజ్జీలు తిని వచ్చేసరికి ఎవరో మామయ్య కుర్చీలో పాప్‌కార్న్ ఒలకబోశారు. నేను "వద్దు" అనేలోపే తువ్వాలు విప్పి, విదిలించి, నాలుగు బాదులు బాదాడు. ఏసీ గాలి ఆ ఘాటుని ప్రసాదంలా అందరికీ పంచింది. తెరమీద బస్సులో ఒకడు దగ్గాడు. మా వరసంతా దగ్గింది. తర్వాత ముందు వరస, ఆపైన బాల్కనీ. ఎర్రబడ్డ కళ్ళతో ఒకాయన లేచి "మనకీ వచ్చేసిందిరోయ్!" అని అరిచాడు. ఐదొందల మంది (సరే, డెబ్బై మంది) గుమ్మం మీద పడ్డారు.

మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఏమండీ, మీరు మిర్చి యార్డు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చారా?" అన్నాడు.

"లేదండి, మధ్యలో టీ తాగాం," అన్నాడు మామయ్య నిజాయితీగా.

మమ్మల్ని బయటికి సాగనంపారు. రెండో సగం చూడనేలేదు. దారిపొడుగునా మామయ్యని తిట్టి, ఇంటికొచ్చి మొదటి సగం గొప్పలే ఎనిమిది పేజీలు సాగదీసి, చెడ్డ కింద హీరోయిన్ జుట్టొక్కటే చాలక మామయ్య మిరప మొక్కల మాట కూడా పెట్టాను. ఎడిటర్‌గారు ఎనిమిది పేజీలూ కొట్టేసి, ఆ ఒక్క మాట కింద గీత గీశారు. "ఇదయ్యా సమీక్షంటే! సోమవారం వచ్చెయ్." అది ఎవరి బుర్రలో పుట్టిందో నేను చెప్పలేదు.

మొన్న ఆ సినిమా ఫోన్లో కనబడితే ఇన్నేళ్ళకి రెండో సగం చూశాను. ఆఖర్న ఒక ముసలాయన బస్సు దిగి, మొలలో దాచిన మూట విప్పి, తడి మట్టిలో విత్తనాలు నాటుతాడు. సినిమా అంతా అందుకోసమేనట! నాకు అన్నం పెట్టిన మాట శుద్ధ తప్పన్నమాట. సిగ్గుతో మామయ్యకి ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

"ఏ విత్తనాలురా?"

"మొక్కజొన్నలా ఉన్నాయి మామయ్యా."

"మరి మిరప నాటలేదుగా! నేనన్నదే రైటు," అని పెట్టేశాడు.

ఆనాటి కుర్రాడైతే వాదించేవాడే. నేను మాత్రం నవ్వుకుని, కుర్చీ ఒకసారి తువ్వాలుతో బాది, రాయడానికి కూర్చున్నాను.