ఏడో మెట్టు గొంతు

ఉస్మాన్‌గంజ్ వెనక మేము అద్దెకున్న ఇంటికి రాతి మెట్లుండేవి. ఒక్కో మెట్టూ ఒకే బండ. ఒక కొస గోడలో, రెండో కొస గాలిలో. వాటి కింది నీడలో ఒక కుమ్మరి అవ్వ కుండలు అమ్మేది. అమ్మే ముందు ప్రతి కుండనూ వేలితో కొట్టి వినేది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. అదే అలవాటున రోజూ మెట్లనూ గులకరాయితో కొట్టేది.

ఒకరోజు నన్ను ఆపింది. "కొడుకా, ఏడో మెట్టు గొంతు దిగుతున్నది. మొన్నటిదాంక పక్క మెట్టుతోని ఒక్కతీరు పలికేది. బిడ్డను దానిమీద తొక్కనియ్యకు."

బిడ్డ అంటే నా భార్య. అప్పుడామెకు ఆరో నెల.

నేనేమో సర్కారీ కట్టడాల దఫ్తరులో గుమాస్తాను. కుండల విద్య బండలకు పనికిరాదని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయినా పెద్దమనసు చేసుకుని మా ఇంజనీరు సాహెబును చాయ్‌కి పిలిచాను. ఆయన వస్తున్నారని ఇంటి యజమాని ముందురోజే మెట్లకు దట్టంగా సున్నం కొట్టించాడు. పెద్దలు వస్తే మేము చేసే మర్యాద అది. సాహెబు కళ్లజోడు తుడుచుకుని కిందనుంచి చూశారు, పైనుంచి చూశారు.

"పగులు ఏది?"

"కొట్టి ఇను సాబ్," అంటూ అవ్వ రాయి అందించింది.

"ఆవాజ్ రాసేటందుకు మా ఫారంల ఖానా లేదమ్మా, గడే లేదు. పొడుగుకున్నది, వెడల్పుకున్నది, కంటికి కనబడే పగులుకున్నది. ఆవాజ్ ఏడ రాయాలె?"

ఆయన ఎదుటే నా భార్యతో, "ఫికర్ చెయ్యకు, మంచిగ తొక్కు" అన్నాను. పరువు సంగతి మరి. ఆమె తల వంచుకుని తొక్కింది. నాకు గర్వంగా అనిపించింది.

నెల దాటాక ఒక పొద్దున అవ్వ ఆ మెట్టు మీద నీళ్లు నిండిన పెద్ద మట్టి గోలెం పెట్టింది, ఎవరూ కాలు పెట్టకుండా. "ఇయ్యాల పగిలిన కుండ లెక్కనే పలికింది" అంది. నేను లొల్లి చేశాను. యజమాని అంతకంటే పెద్ద లొల్లి చేశాడు. మధ్యాహ్నానికి గోలెమూ మెట్టూ కలిసి కింద పడ్డాయి.

"నీ గోలెమే నా మెట్టును ఇరగ్గొట్టింది!" అని యజమాని అవ్వ మీదికి లేచాడు. నేనూ అవునని తలాడించబోయాను.

పైమెట్టు మీద నిలబడ్డ నా భార్య నావైపే చూస్తూ అడిగింది. "ఆ గోలెం నాకంటె బరువా? మీరు చెప్పిండ్రని నెల రోజులు దానిమీదనే కాలు పెట్టిన. పెట్టినప్పుడల్లా కడుపు పట్టుకున్న."

కడుపు మీది ఆ చేతిని నేను రోజూ చూశాను. నెలలు పెరుగుతున్నాయి కదా, ఆయాసం కాబోలు అనుకున్నాను.