మూడో నంబరు డ్రమ్ములో అక్షింతలు

మహమ్మారి రావడానికి ముందటి ఏడాది, డిసెంబరు వానల మధ్య, మలేసియా పక్కనున్న ఈ ద్వీప దేశంలో, పాయా లేబర్ పేట దగ్గర ఒక సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరాను. అంతకు ముందు రసాయన కర్మాగారాల దీవి జురాంగ్ ఐలాండ్‌లో, తల ఎత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు పంపుల మధ్య చాలా ఏళ్లు పనిచేశాను. నడుము మొరాయించడంతో ఈ నేలమట్టపు పదవికి దిగాను. నా కింద సిబ్బంది ఆరుగురు. ఆరుగురూ వాక్యూమ్ క్లీనర్లే. అయినా హోదా హోదాయే. చొక్కా జేబు మీద దారంతో కుట్టి మరీ ఇచ్చారు.

తెలియనివారి కోసం పని సంగతి చెబుతాను. డాలరు నాణెం పడగానే టైమర్ తిరుగుతుంది, మోటారు నాలుగు నిమిషాలు పీలుస్తుంది. గొట్టంలోంచి వచ్చిన చెత్త అడుగునున్న ఉక్కు డ్రమ్ములో పడుతుంది. సన్నని దుమ్ము గుడ్డ ఫిల్టరుకు అంటుకుంటుంది. రోజుకు రెండుసార్లు డ్రమ్ము ఖాళీ చేయాలి, ఫిల్టరు దులపాలి, గొట్టం మూతిని సబ్బునీళ్లతో కడగాలి. చెత్తను ముందు జల్లెడ పట్టాలి. అందులో తేలిన చెవిపోగులు, బొత్తాలు, బొమ్మ కార్ల చక్రాలు ఆఫీసు అలమరలోకి వెళ్తాయి; మిగతాది నల్ల సంచిలోకి. ఇదీ రూలు.

ఆ రూల్లో జల్లెడ అనే భాగాన్ని నేను మెల్లగా మరిచిపోయాను. దానికి కారణం నా చెవి. మధ్యాహ్నాల్లో ఆరు మోటార్లూ ఒకే శ్రుతిలో మూలుగుతుంటే, అవతల కార్లు కడుగుతున్న నీటి తుంపర ఎండలో రంగులు తేలి కరిగిపోతుంటే, ప్లాస్టిక్ కుర్చీలో నేను నేలకు జానెడు ఎత్తున తేలుతూ ఉండేవాణ్ణి. కళ్లు మూతపడేవి, చెవులు తెరుచుకునేవి. గొట్టంలో ఏం పోతోందో వినే చెప్పేవాణ్ణి. బిస్కట్ పొడి మంచు కురిసినట్టు పోతుంది. ఇసుక పట్టుచీరలా జరజరలాడుతుంది. వేరుశనగ తొక్క నిట్టూరుస్తుంది. ఒకసారి లోపలికి పోయిన మాత్ర ఏ జబ్బుదో కూడా చెప్పాను. రోగి ఒప్పుకున్నాడు.

ఒక శుక్రవారం ఉదయం నరసయ్య అంకుల్ వచ్చారు. మలేసియాలో పుట్టి, ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువారు. సెరంగూన్‌లో ఇల్లు, అద్దె కారు నడపడం వృత్తి. కొత్తగా తీసుకున్న కారుకు గుడిలో పూజ చేయించి నేరుగా మా దగ్గరికే తెచ్చారు. పూజారి చెయ్యి పెద్దదో, అంకుల్ దక్షిణ పెద్దదో గానీ, సీట్ల మీద ఒక పెళ్లికి సరిపడా అక్షింతలున్నాయి.

“ఇట్టాగే రోడ్డెక్కితే ప్యాసింజరు పెళ్లికొడుకు ఎక్కడని అడుగుతాడు లా,” అని ఇక్కడి వాడుక ‘లా’ తగిలిస్తూ ఆయనే మూడో నంబరు గొట్టం అందుకున్నారు.

నేను కుర్చీలో తేలడం మొదలుపెట్టాను. అక్షింతలు ఏటి నీళ్లలా జలజలా పోతున్నాయి. మధ్యలో ఒకటి టక్‌మంది. వక్క అని తీర్పు చెప్పి, ఇంకో జానెడు పైకి లేచాను.

అంకుల్ వెళ్లాక డ్రమ్ము తెరిస్తే అంతా పసుపు. దేవుడి అక్షింతల్ని నల్ల సంచిలో ఎలా వేస్తాం? కాళ్ల కింద పడకుండా కాగితంపూల కుండీలో పోశాను. పక్షులకు మేత వేస్తే ఈ దేశంలో జరిమానా. నేను మేత వేయలేదు, మొక్కకు సమర్పించాను. గోరింకలు ఆ తేడా గమనించలేదు.

గంట తర్వాత అంకుల్ తిరిగొచ్చారు. ముఖంలో నెత్తురు లేదు.

“మీ వాక్యూమ్ గోల ఓర్వలేక చెవి మిషన్ తీసి సీటు మీద పెట్టినాను, తంబీ. నా చేత్తో నేనే లాగేసినాను.”

చెవిలో లేదు గనుక అది గొట్టంలోకి పోయిన చప్పుడు ఆయనకు వినబడలేదు. వినబడిన నాకు అది వక్క. ఆ మధ్యాహ్నం రెండు గంటలకే ఆయన డ్రైవింగ్ లైసెన్సుకు వైద్య పరీక్ష. “మిషన్ లేకుండా పోతే డాక్టరు రాసేస్తాడు, బండి ఆపేయమని. ఇంకో పని నాకేం తెలుసు?” అన్నారు.

ఏం చెప్పినా ఆయనకు వినబడదు. పక్కనున్న వ్యాన్ దుమ్ము మీద వేలితో ‘కుండీలో ఉంది’ అని తెలుగులో రాశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మాట్లాడ్డమే గానీ చదవడం రాదట. దాన్ని చెరిపి ఇంగ్లీషులో రాసేసరికి ఆ వ్యాను సగం శుభ్రమైంది.

కుండీ మీద నాలుగు వందల గోరింకలున్నాయి. సరే, పన్నెండు. బియ్యం దాదాపు తినేశాయి. ఒక మూల మాత్రం అరచేతి మేర అక్షింతలు కదలకుండా ఉన్నాయి. ఒక్కో గోరింక అక్కడికి గెంతడం, తల వంచి వినడం, వెనక్కి ఎగరడం. దగ్గరికి వెళ్తే సన్నని కూత. చెవి మిషన్ ఆన్‌లో ఉండి దాన్ని ఏదైనా కప్పేస్తే, దాని ధ్వని దానికే తిరిగొచ్చి అలా ఈలవేస్తుంది. నిజానికి ఆ కూత గంట నుంచీ వింటున్నాను. నా చెవి దాన్ని ఏదో పిట్టగా తేల్చింది. పిట్టలు మాత్రం అది పిట్ట కాదని తేల్చుకున్నాయి.

గింజలు తీసి, ఫిల్టరు దులిపే మెత్తని కుంచెతో తుడిచి ఇచ్చాను. అంకుల్ తొడుక్కుని అటు తిరిగి నిలబడ్డారు. పది అడుగులు వెనక్కి నడిచి, గొంతు తగ్గించి, భోంచేశారా అని అడిగాను.

“మాకన్ ఎక్కడిది తంబీ, నీ గోరింకలు తినేసినాయి గదా,” అన్నారు తిరక్కుండానే.

సాయంత్రం ఫోన్ చేశారు. పాసయ్యారు. చెవిలో పసుపెందుకని డాక్టరు అడిగాడట.

మర్నాటి నుంచి అక్షింతలైనా సరే జల్లెడ దాటాకే కుండీ చేరాయి. గొట్టం చప్పుడును బట్టి లోపల ఏదో ఉందని తెలుస్తుంది. ఏముందో డ్రమ్ము తెరిస్తేనే తెలుస్తుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక చెవి మిషన్, పన్నెండు గోరింకలు కావలసి వచ్చాయి. పదవీ విరమణ దాకా అభిప్రాయాలు చెప్పడం మానలేదు గానీ, మూత తీశాక చెప్పేవాణ్ణి.