జమైకా పావురం

నాకు కోపం వస్తే అరవను, దాచుకుంటాను. అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో, ఆఫీసులో నా పక్క సీట్లో పనిచేసే మిత్రుడి మీద రెండేళ్ళు దాచుకున్నాను.

అతనికి పిట్టలు చూడటం నేర్పిందే నేను. శనివారం పొద్దున్నే చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, నా బైనాక్యులర్స్ ఇచ్చి, ఏ కొంగ ఏదో చెప్పేవాణ్ణి. జమైకాలో తప్ప ఇంకెక్కడా బతకని పిట్టల కోసం ఇద్దరం వెళ్దామనుకున్నాం. ముఖ్యంగా ఒక పావురం కోసం. అక్కడివాళ్ళు దాన్ని కొండ మంత్రగత్తె అంటారట. తల మీద చిన్న తురాయి, తడి ఆకుల మీద నడక, అలికిడైతే మాయం. ఏ దారి, ఏ గైడు, ఏ వేళ, అన్నీ ఆరు నెలలు కూర్చుని రాశాను. తీరా చూస్తే నా వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయింది. దేశం దాటితే మళ్ళీ స్టాంప్ పడేదాకా తిరిగి రాలేను.

"నీ స్టాంపింగ్ అయినాకనే పోదాం అన్నా, తొందరేముంది" అన్నాడు.

మూడు వారాలకు జమైకా నుంచి గ్రూపులో ఫోటో పెట్టాడు. నా కాగితాలు పట్టుకునే వెళ్ళాడు. కింద "కొండ మంత్రగత్తె దొరికింది, అంతా నా సొంత రీసెర్చ్" అని రాసుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఫోటో పెద్దది చేసి చూశాను. తురాయి లేదు. అది చాలా దేశాల్లో కనిపించే మామూలు ఎర్ర పావురం. ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ చెప్పకుండా "సూపర్" అని పెట్టి ఊరుకున్నాను. ఆ ఫోటోనే పెద్ద కాన్వాస్ చేయించి కొత్త ఇంటి హాల్లో పెడుతున్నాడని తెలిసి ఇంకా సంతోషించాను.

ఆలోగా హైదరాబాద్‌లో నాకు స్టాంప్ పడింది. జమైకా వెళ్ళాను. మూడోరోజు వానలో ఆ పావురం నా ముందుకొచ్చి నిలబడింది. దాన్ని చూసిన ఆనందం కన్నా, అతని మొహం ఎలా మాడుతుందోనన్న ఆనందమే ఎక్కువ. అలా అనిపించినందుకు సిగ్గేమీ లేదు. అదే సైజులో ఫ్రేము కట్టించి, కింద పావురం పేరు వేయించాను. నా పేరు వేయలేదు. ఎవరు తీశారో నలుగురి ముందూ నోటితోనే చెబుదామని.

గృహప్రవేశానికి మెరిసే కాగితం చుట్టి మరీ పట్టుకెళ్ళాను. అతని భార్య అందుకుంది.

"ఇప్పుడే విప్పమ్మా, అందరూ చూస్తారు" అన్నాను.

"అయ్యో, గిఫ్టులు తర్వాత చూస్కుంటం అన్నయ్యా. ముందు తిందురు రండి" అని దాన్ని పై గదిలో గిఫ్టుల కుప్ప మీద పెట్టేసింది. మనవాళ్ళు అతిథుల ముందు గిఫ్టులు విప్పరన్న సంగతి రెండేళ్ళ పథకంలో నాకు ఒక్కసారీ తట్టలేదు. పులిహోర తిని వచ్చేశాను.

నెల తర్వాత వాళ్ళ పాప పుట్టినరోజు. హాల్లోకి అడుగుపెట్టగానే చూశాను. ఎర్ర పావురం లేదు. దాని మేకుకి నా పావురం, పైన ప్రత్యేకంగా ఒక లైటు.

"మూడు రోజులు వానల కూసొని కొట్టిన షాట్ ఇది" అని అతిథులకు చెబుతున్నాడు. నన్ను చూశాడు. కనురెప్ప కూడా వేయలేదు.

"అన్నా, కేక్ తీస్కున్నవా?"

చేతిలో పేపర్ ప్లేటుతో ఒక అమ్మాయి నా వైపు తిరిగింది. "అంకుల్, మీరు కూడా బర్డ్స్ చూస్తారా?"

నోట్లో కేకు ఉంది. అవునని తలూపాను.