నల్లా వచ్చిన రోజు పట్టిన సీసా

చందూలాల్ మురుగునీళ్లు పట్టి తెచ్చే పని చేస్తాడు. చెబితే నవ్వుతారు గానీ, కొత్తగూడెంలో ఏ మ్యాన్‌హోల్‌లోకి ఏ వీధి మురుగు వస్తుందో ఆయనకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ఇరవై ఏళ్లు కాలవలు తీసిన మనిషి. మోకాళ్లు అరిగాక మా ప్రాజెక్టులో శాంపిళ్లు తెచ్చే పనికి చేరాడు. ఆ సీసాలను ఖమ్మం ల్యాబులో పరీక్షించేది నేను. గ్లౌజులు వేసుకోమని పోరితే, "ఇరవయ్యేండ్ల సంసారం మేడం, గిప్పుడు సిగ్గేంది" అనేవాడు.

మనిషి మింగిన మందు ఒంట్లో పూర్తిగా ఆగదు. ఎంతో కొంత మూత్రంలో బయటికి పోతుంది. వంద ఇళ్ల మురుగు కలిసేచోట సీసాడు నీళ్లు పట్టి యంత్రంలో పెడితే, ఆ వాడలో గంజాయి ఎంత, మత్తెక్కించే నొప్పి మాత్రలు ఎంత అన్నది అంకెల్లో తెలుస్తుంది. ఎవరు వాడారో తెలియదు. మాకు అక్కర్లేదు కూడా. అంకె ఎక్కువ వచ్చిన వాడకు డాక్టరును పంపి, మత్తు మాన్పించే క్యాంపు పెట్టాలన్నది పథకం. ఈ ముక్క చందూలాల్‌కు పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తలూపాడు. నమ్మాడనే అనుకున్నాను.

ఆయన తమ్ముడు బలరాం జామాయిల్ కర్ర లారీలకెక్కించే కూలీ. నడుంనొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ మాత్రలు రోజుకు రెండు నుంచి పన్నెండుకు చేరాయి. మాత్ర పడకపోతే చేతులు వణికేవి. పడితే కూర్చున్నచోటే కునుకు పట్టేది. అన్నకు తెలుసు, వదినకు తెలుసు. ఆ సంగతి గడప దాటనివ్వలేదు. నాకు అంతా అయిపోయాకే తెలిసింది.

అన్నదమ్ములుండే గుట్టకింది లైను అనే వాడ మా జాబితాలో ఉంది. అక్కడ మూడు రోజులకోసారి నల్లా నీళ్లు వస్తాయి. వచ్చిన రోజు ఇంటింటా బట్టలుతుకుతారు, డ్రమ్ముల్లోని పాత నీళ్లు పారబోసి కడుగుతారు. కాలవ వాగులా పారుతుంది. ఆ రోజు శాంపిల్ పట్టకూడదని మరీమరీ చెప్పాను. చందూలాల్ సరిగ్గా ఆ రోజే పట్టాడు. సీసా మీద తేదీ మాత్రం ముందు రోజుది వేశాడు.

అంకె తక్కువ వచ్చింది. దానితోపాటు అమ్మోనియా కూడా సగానికి పడిపోయింది. మూత్రం వల్ల మురుగులో చేరే సరుకది. అది అంతలా తగ్గిందంటే మంచినీళ్లు ఎక్కువ కలిశాయని అర్థం. డిగ్రీ పిల్లలకైనా తెలుసు. నేనూ చూశాను. మళ్లీ శాంపిల్ తెప్పిస్తే నివేదిక వారం ఆలస్యమవుతుందని, చూసీ చూడనట్టు సంతకం పెట్టేశాను. క్యాంపు వేరే రెండు వాడలకు వెళ్లింది.

ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం బలరాం లారీ నీడన పడుకుని మళ్లీ లేవలేదు. అన్నానికి పిలిచిన మేస్త్రి భుజం కుదిపి చూశాడట.

దినాలు అయ్యాక చందూలాల్ ల్యాబుకొచ్చాడు. చేతిలో ఐసు పెట్టె. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, పోయినసారి తప్పు జేసిన. నల్లా వచ్చిన్నాడు పట్టిన."

"ఎందుకన్నా?"

"అంకె ఎక్కువొస్తే పోలీసోళ్లు లైన్ల వడ్తరనుకున్న. చెక్‌పోస్టు కాడ గంజాయి కేసుల ఎట్ల గుంజుకపోతరో చూస్తనే ఉంటం గద. మా తమ్మున్ని గట్ల గుంజుకపోతరని భయమైంది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. "నాకు అప్పుడే అనుమానమొచ్చింది అన్నా. అయినా సంతకం పెట్టిన" అని చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట తిడితే బాగుండుననిపించింది. "గట్లనా" అన్నాడంతే.

ఐసు పెట్టె బల్ల మీద పెట్టాడు. "ఇది నిన్నటిది. నల్లా రాని రోజుది. చూడుండ్రి."

వడపోసి, యంత్రంలో పెట్టి, అంకె తేలేసరికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మొదటి బస్సుకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి అమ్మోనియా సరిగ్గానే ఉంది. ట్రమడాల్ మాత్రం, క్యాంపు పెట్టిన ఆ రెండు వాడల కంటే మూడింతలుంది.

"ఎక్కువున్నది అన్నా. చానా ఎక్కువ. డాక్టర్‌ను పంపమని ఇయ్యాల్నే రాస్త."

చందూలాల్ కాగితం తీసుకుని, అంకెలు తప్ప చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు.

"మా తమ్ముడు లేడు గద మేడం."

"లేడు."

"మరి గివన్ని ఎవలయి?"

గుట్టకింది లైనులో నూట పది ఇళ్లున్నాయి.

"మా ఇంట్లనే అనుకున్న" అన్నాడు చందూలాల్. "మా ఒక్క ఇంట్లనే అనుకున్న."